ఉభయకుశలోపరి

పశ్చిమ జర్మనీ నుంచి

సత్యవతక్కకు తమ్ముడు సూరి నమస్కారాలు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? నాకు ఏ లోటూ లేదు, బెంగ పెట్టుకోకు. ఫ్యాక్టరీలో శిక్షణ సాగుతోంది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పూటపూటా బంగాళాదుంపే, చోడి అంబలి తలుచుకుంటే నోరూరుతుంది. ఆదివారాలు మాట్లాడే దిక్కుండదు. అయినా బాగానే ఉన్నాను. ఇటు ఎవరైనా వస్తుంటే పొందూరు తువ్వాళ్లు రెండు పంపు.

కిందటి ఆదివారం మా ఇంటి యజమాని, అరవై ఏళ్ల పెద్దాయన, నన్ను ఈ ఊరి మ్యూజియానికి తీసుకెళ్లాడు. అక్కడ బల్ల మీద యుద్ధంనాటి సంకేత యంత్రం ఉంది. రహస్య లిపులంటే నాకెంత పిచ్చో నీకు తెలుసుగా, అక్కడే నిలబడిపోయాను. చూడటానికి టైపు మిషనే. నొక్కి చూడనిచ్చారు. ఒక అక్షరం నొక్కితే లోపల చక్రం తిరిగి వేరే అక్షరం దగ్గర చిన్న బల్బు వెలుగుతుంది. మళ్లీ అదే నొక్కితే ఈసారి ఇంకోటి. యుద్ధంలో ఆయన ఇలాంటిదాని మీదే పనిచేశాడట. ఇంత పకడ్బందీ యంత్రం గుట్టు ఎవరైనా ఎలా విప్పుతారని అడిగాను. రోజూ ఒకే మర్యాద మాటతో కబురు మొదలుపెట్టేవాడు ఒక్కడుంటే చాలు, శత్రువుకి అదే తాళంచెవి అన్నాడు. అలా రాయొద్దని పైవాళ్లు తిడుతుండేవారట.

నాకు చప్పున నీ పాత ఉత్తరం ఒకటి గుర్తొచ్చిందక్కా.

నీ పెళ్లికి ముందు, బొబ్బిలిలో ఉన్న నీ స్నేహితురాలు పైడమ్మకు అక్షరాలు మార్చి ఉత్తరం రాశావు, గుర్తుందా? పోస్టు డబ్బాలో వెయ్యమని నా చేతికిచ్చావు. నేను విప్పాను. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నా లొంగలేదు. అప్పుడు తట్టింది, మా అక్క రహస్యం రాసినా పద్ధతి తప్పదు, ముందు ‘ఉభయకుశలోపరి’ అనే రాస్తుందని. ఎనిమిది అక్షరాలు ఒక్కసారే చేతికొచ్చాయి. మిగతావి వాటి వెనకే వచ్చేశాయి. నర్సు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టానని, ఇంట్లో తెలియనివ్వొద్దని రాశావు.

నా తెలివి చూపించుకునే ఉబలాటంలో నాన్నకు చదివి వినిపించాను. నిన్ను ఆపేస్తాడని నిజంగా అనుకోలేదు. ఆపేశాక, నా పేరు చెప్పొద్దని ఆయన్ని బతిమాలాను. ఉత్తరం మళ్లీ అంటించి పోస్టు కూడా చేశాను.

నువ్వు పైడమ్మనే అనుమానించావు. “అది సెప్పకపోతే నాన్నకెలా తెలుస్తాదిరా? దాని ఊసు నా కాడ ఎత్తకు” అన్నావు. నేను నీ పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. నీ పెళ్లికొచ్చిన పైడమ్మ, నువ్వు పలకరించకపోయేసరికి తలదించుకుని వెళ్లిపోయినప్పుడూ నోరు మెదపలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నన్నెంతైనా తిట్టు. కానీ ఒక్కసారి బొబ్బిలి వెళ్లి ఈ ఉత్తరం పైడమ్మకు చూపించు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన అడిగే మొహం నాకు లేదు. ఎప్పుడూ మొదట రాసే ఆ మాట ఈసారి రాయలేదని గమనించే ఉంటావు. మనమిద్దరం బాగున్నామని రాయడానికి చెయ్యి రాలేదు.

ఇట్లు,
నీ ఉత్తరం విప్పిన తమ్ముడు,
సూరి