కొట్టు ఎవరి పేరున ఉంది

ఝపటాపూర్, ఖరగ్‌పూర్

ప్రియమైన కుసుమకు,

నా చేతిరాత నీకు తెలిసిందే. ఐదో తరగతితో ఆగిన చదువు, పైగా ఇప్పుడు వేళ్ళు వణుకుతున్నాయి. తప్పులుంటే మన్నించి కూడబలుక్కుని చదువుకో. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. నీకు సరిగా వినబడక స్పీకరు పెడతావు, మీ అక్క ఇల్లంతా వింటుంది. ఇక్కడ గోడకు అవతల కోడలు ఉంటుంది. అందుకే ఇచ్ఛాపురం వచ్చే మనిషి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కోడలు ప్రవల్లికను గుండె డాక్టరమ్మకు చూపించినాము. పాప పుట్టినప్పుడు దెబ్బతిన్న గుండె ఇంకా కోలుకోలేదట. మళ్ళీ కడుపొస్తే తల్లి దక్కదని నా ముఖం చూసి చెప్పింది. నేను నేల చూసినాను.

కడుపు రాకుండా రోజూ వేసుకునే మాత్రలు ఈ గుండెకు పనికిరావట, నెత్తురు గడ్డకడుతుందట. కాపర్‌-టి సర్కారు ఆసుపత్రిలో ఉచితమే, కానీ మొన్న పెట్టిస్తే నెత్తురు ఆగక తీసేసినారు. ఆపరేషనుకు మత్తివ్వాలి, ఇప్పుడు తట్టుకోలేదు. ఇక మిగిలింది గర్భసంచిలో పెట్టే మందు పరికరం ఒక్కటే. అది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. గుండె డాక్టరు పక్కనుండగా పెద్ద ఆసుపత్రిలో పెట్టాలి. ఇదంతా ఒక మగవాడు రాయవలసి వచ్చింది.

గుండె వైద్యానికే మన చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. నా రైల్వే పింఛను వైద్యం కార్డు నీకూ నాకూ మాత్రమే, కోడలికి చెల్లదు. మన బజారు సంఘం బీమా ఉంది కదా, పరికరం ఖర్చు ఇస్తారా అని ఏజెంటు జాయ్‌ని అడిగినాను. కాన్పుకు ఇస్తారట, కాన్పు రాకుండా చేసేదానికి ఇవ్వరట. సంఘం ఒప్పుకుని తలా కొంత ఎక్కువ కడితే కలుపుతారట.

ఆదివారం మీటింగులో జాయ్ ఆ మాట ఎత్తినాడు. అందరూ నవ్వినారు. ‘ఇదేటి జబ్బా, ఇన్సూరెన్స్ ఇయ్యడానికి?’ అన్నాడు ఫణీంద్ర. ప్రెసిడెంటు సుందర్ రాజు వచ్చే ఆదివారం చూద్దామన్నాడు. కావాలని ఎత్తడానికి నా చెయ్యి లేవలేదు.

అబ్బాయి చక్రధర్ ఇప్పుడు మన కొట్టులోనే పడుకుంటున్నాడు. ఎలుకలు ఎక్కువయ్యాయట. గాజుల కొట్టులో ఎలుకలకు ఏం పని కుసుమా? వాడికి పెళ్ళాం పక్కకు వెళ్ళాలంటే భయం. కోడలు అన్నం వడ్డిస్తూ తలెత్తదు. ముగ్గురమూ భయపడుతున్నాము, ఎవరమూ మాట్లాడుకోము.

మీ అక్క, అప్పలకొండ వదినకు కాలి ఎముక అతికిందా? నువ్వు పక్కన లేకుండా ఆమెకు ఇంకా గడవదా? ఏం చెయ్యమంటావో రాయి.

నీ
చెన్నకేశవరావు


ఇచ్ఛాపురం

శ్రీవారికి,

ఉత్తరం అందింది. చదివి పెరట్లోకి పోయి కూర్చున్నాను. మంచం మీదున్న అక్క ఎంత పిలిచినా లోపలికి పోలేదు.

ముందు ఒకటి అడుగుతాను. ఆడదానికున్న దారులన్నీ వరసగా రాసినారు. మగవాడికున్న చిన్న ఆపరేషన్ సంగతి రాయలేదేం? చక్రధర్‌ని అడగండి. మీరు అడగలేకపోతే నేనే అడుగుతాను, స్పీకరు పెట్టి.

రెండోది. చెయ్యి లేవలేదని రాసినారు. అది లేచినా మీ చెయ్యి లెక్కలోకి రాదు. వర్కుషాపులో ఉద్యోగం చేస్తూ వ్యాపారం చేస్తే రైల్వేవారు ఊరుకోరని కొట్టు నా పేరున పెట్టినారు. సంఘంలో సభ్యురాలిని నేను. మీరు ఇన్నేళ్ళూ నా కుర్చీలో కూర్చుని టీ తాగి వచ్చినారు, నేనేమీ అనలేదు. సుందర్ రాజు అన్నయ్య సంగతీ అంతే, ఫణీంద్ర సంగతీ అంతే. ఇప్పుడు వాళ్ళు నవ్వింది నా కోడలి ప్రాణం మీద. లేచి ఆ మాట అడగండి.

ప్రవల్లిక కాళ్ళు వాస్తున్నాయేమో రోజూ చూడండి. ఆయాసం వస్తే నన్ను అడుగుతూ కూర్చోకండి, ఆసుపత్రికి తీసుకుపొండి. నాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు.

మీ కుసుమ


ఝపటాపూర్

కుసుమకు ప్రేమతో,

నువ్వన్నట్టే కాళ్ళు వాచినాయి. ఆసుపత్రికి పరుగెత్తినాము. కడుపేమోనని పరీక్ష చేసినారు. ఆ కబురు వచ్చేదాకా బెంచీ మీద నేనూ చక్రధర్ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కాదన్నారు. మందు పెంచి ఇంటికి పంపినారు. ఇంకోసారి ఆ బెంచీ మీద కూర్చోలేను.

ఆ ధైర్యమో భయమో, ఆదివారం మీటింగులో లేచినాను. ‘సుందర్ రాజూ, నీ కొట్టు ఎవరి పేర్న ఉన్నాది?’ అని అడిగినాను.

‘మా ఇంటిదాని పేర్న. ఇప్పుడదెందుకు అన్నా?’

‘మరైతే నువ్విక్కడ ఏటి సేస్తన్నావు? నానేటి సేస్తన్నాను?’

ఎవరూ నవ్వలేదు. రైల్వేలో చేసిన ప్రతివాడి కొట్టూ భార్య పేరునే ఉంది. కుట్టుమిషను కొట్టు సూసన్న ఉంది కదా, మీటింగుకు వచ్చే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆమె అందుకుంది: ‘ఇన్నాళ్ళూ మా కుర్సీలు ఎచ్చగా ఉంచినారు, సంతోషం. ఇంక లెగండి.’

ఎవరి పేరున కొట్టు ఉందో వాళ్ళే వచ్చే ఆదివారం తేల్చాలని అనుకున్నారు. ఇటువంటి సంగతికి నలుగురిలో ఏ ఆడది చెయ్యెత్తుతుందని ఫణీంద్ర ధీమా. నా భయమూ అదే. పైగా నీ కుర్చీ ఖాళీ.

చక్రధర్‌ని మగవాడి ఆపరేషను సంగతి అడిగినాను. సగం అన్నంలో లేచిపోయినాడు.

చెన్నకేశవరావు


ఇచ్ఛాపురం

ఏమండీ,

నా కుర్చీలో ప్రవల్లిక కూర్చుంటుంది. అలాగని రాసి సంతకం చేసి ఇందులో పెట్టినాను. డాక్టరమ్మ మాట్లాడింది, మీరు మాట్లాడినారు, నేను మాట్లాడినాను, బజారంతా మాట్లాడింది. నీకేం కావాలని ఆ పిల్లను ఒక్కరైనా అడిగినామా? నేనూ అడగలేదు. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇవ్వండి.

మీ కుసుమ


ఝపటాపూర్

ప్రియమైన కుసుమకు,

ఉత్తరం కోడలి చేతికిచ్చినాను. నిలబడే చదివింది. ‘నాను ఎల్తాను మాఁవయ్యా’ అంది, అంతే.

సంఘం గదిలోకి ఆడవాళ్ళు వెళ్ళి తలుపు వేసుకున్నారు. మగవాళ్ళం మెట్ల మీద. పాప నా ఒళ్ళో. లోపల అలికిడి లేదు. కోడలు కళ్ళు తిరిగి పడిపోయిందేమోనని తలుపు కొట్టబోతే సుందర్ రాజు నా చెయ్యి పట్టుకుని ఆపినాడు.

తరువాత సూసన్న చెప్పింది. కోడలు కుర్చీ పట్టుకుని లేచిందట. ‘నాకు బతకాలని ఉన్నాది. మా ఆయన పక్కన బయం నేకుండా పడుకోవాలని కూడా ఉన్నాది’ అందట. ఈ రెండో మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ ఆమె అంత మందిలో అనగలిగినప్పుడు నేను రాయలేనా?

మొదట చెయ్యెత్తింది ఫణీంద్ర భార్య. ఇద్దరు తప్ప అందరూ ఎత్తినారట. అది అయిపోయాక కూడా బయటికి రాలేదు. ఒక్కొక్కరూ తమ సంగతులు మొదలుపెట్టినారట. లెక్క రాసుకోవడానికి లోపలున్న జాయ్ మాత్రం ముఖం ఎర్రగా చేసుకుని బయటికి వచ్చేసినాడు.

పై నెల మొదటి నుంచి ఈ ఖర్చు బీమాలో కలుస్తుంది. ఆ వారంలోనే పరికరం పెడతామని డాక్టరమ్మ చెప్పింది. చక్రధర్ రాత్రి నా మంచం దగ్గరికి వచ్చి, ‘నా ఆపరేసన్ గురించి కూడా అడుగుతాను నాన్నా’ అన్నాడు.

నా భయం తగ్గలేదు కుసుమా. పెట్టేటప్పుడు ఒక్కొక్కరికి గుండె కొట్టుకునే వేగం పడిపోతుందట, అందుకే పక్కన ఇంకో డాక్టరు. ఆ గదిలోకి మగవాళ్ళను రానివ్వరు. ‘అత్తయ్య ఉంటే బాగుణ్ణు’ అని కోడలు ఒక్కసారే అంది, మళ్ళీ అనలేదు. తలుపు బయట నేను కూర్చుంటాను. లోపల ఆ పిల్ల చెయ్యి పట్టుకోవడానికి నువ్వు రాగలవా? మీ అక్కను అడిగి, చీటీ ముక్క మీదైనా సరే, వెంటనే జవాబు రాయి.

నీ
చెన్నకేశవరావు