ముప్పయ్యో వీపు

చిరంజీవి పెద్దమ్మాయికి,

అమ్మ దీవించి రాయిస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ చెల్లెలూ, చిన్నల్లుడూ కులాసాగానే ఉన్నాం. నువ్వు వేళకు తిని, రోజుకు కాసేపైనా కూర్చుంటున్నావనే అనుకుంటాను. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నా మాట సగంలో ఉండగానే నువ్వు అందుకుంటావు. కాగితం ఎదురు చెప్పదు. చివరిదాకా చదువు.

నువ్వు అడిగిన వాటికి చెబుతాను. కంట్లో చుక్కలు వేసుకుంటున్నాను. సూదిలో దారం మాత్రం నీ చెల్లెలే ఎక్కించి పెడుతోంది. కుట్టు మిషను అమ్మెయ్యమన్నావు. అమ్మను. నీ ఉద్యోగం అయిపోతోందని నా ఉద్యోగం కూడా తీసేస్తావా?

నీ వీడ్కోలు సభకు వస్తాను. అప్పట్లో మీ ఆస్పత్రిలో ఉన్న ఆ పెద్ద డాక్టరు బతికుంటే ఆయన్నీ పిలువు. వంకర వెన్నెముకలు సరిచెయ్యడం వడ్రంగం లాంటిది, సుత్తి పట్టాలి, ఎనిమిది గంటలు నిలబడాలి, ఆడపిల్ల వల్ల కాదని నా మొహం మీదే అన్నాడు. కాకపోతే కాలేదని మా అమ్మాయే వచ్చి చెబుతుంది, ముందు సుత్తి ఇవ్వండి అన్నాను. ఇచ్చాడు. తర్వాత నీ దగ్గర చదువుకున్న వాళ్లే ఇన్ని ఊళ్లలో కోస్తున్నారు. ఆ సంగతి ఆయనకు ఎవరైనా చెప్పాలి కదా.

ఇక నువ్వు మూడు ఉత్తరాల నుంచీ అడుగుతున్న మాట. మొదట ఆపరేషను చేసిన ముప్పై మందినీ ఇన్నేళ్ల తర్వాత పిలిచి కొలుస్తున్నావనీ, ఇరవై తొమ్మిది మంది వచ్చారనీ, నేను పంపిన ఆ పొడుగు జడ పిల్ల ఒక్కతే దొరకలేదనీ రాశావు. నాకు తెలియదని రెండుసార్లు రాయించాను. అది అబద్ధం.

ఆ పిల్లను కనిపెట్టింది నేను. బడి చొక్కాకు కొలతలు తీస్తుంటే ఒక భుజం రెండు వేళ్లు పైకుంది. వంగమంటే వీపు ఒక పక్క గుట్టలా లేచింది. నీ దగ్గరికి పంపాను. నువ్వు స్టీలు కడ్డీ వేసి నిటారుగా నిలబెట్టావు. నీ మొదటి పేషెంటు అదే. ఆరేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం షాపుకు వచ్చింది. వీపులో ఏదో టక్కుమందట, అప్పట్నుంచి నొప్పి, ఒక పక్కకు ఒరిగిపోతున్నాను అంది. చెయ్యి వేసి చూశాను. కడ్డీ విరిగిందని తెలిసిపోయింది. ఆ నెలలోనే నీకు ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూ. ఒక్క కడ్డీ కూడా విరగలేదని నువ్వు రాసిచ్చిన కాగితం ఆ పెద్ద డాక్టరు బల్ల మీద ఉంది.

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్లనా?" అని అడిగింది.

"ఇప్పుడొద్దు. నేను చూసుకుంటాను" అన్నాను.

చూసుకున్నది ఇదీ. కుంగిన పక్కన దూది పెట్టి జాకెట్టు కుట్టాను. అద్దంలో రెండు భుజాలూ సమంగా కనిపించాయి. నీకు పదవి వచ్చింది. తర్వాత చెబుదామనుకున్నాను. ఆ పిల్ల ఏడాదికోసారి వచ్చేది, దూది పెంచేదాన్ని. వేరే డాక్టరుకు చూపించుకుంటానంటే, మళ్లీ కోస్తే కాళ్లు పడిపోతాయని భయపెట్టాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నేనే పుట్టించాను.

ఇలా పంతొమ్మిదేళ్లు. ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతోంది. రెండో పీరియడుకే గోడకు ఆనుకుంటుందట.

పోయిన వారం నీ ఉత్తరం వచ్చేసరికి నీ చెల్లెలు ఊళ్లో లేదు. జాకెట్టుకని వచ్చిన ఆ పిల్ల చేతే చదివించుకున్నాను. మళ్లీ అదే అడిగి ఉంటావని నాకేం తెలుసు? తన సంగతి తనే పైకి చదివింది. చదివి, కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

"డాక్టరమ్మ నా కోసం వెతుకుతూనే ఉన్నారా?" అంది.

ఈ ఉత్తరం రాస్తున్నది కూడా తనే. ఒక్క మాట మార్చొద్దని చెప్పి నేనే కూర్చోబెట్టాను. కాళ్లు పడిపోతాయన్న చోట కలం ఆపి, ఇది కూడా రాయాలా అని అడిగింది. రాయమన్నాను.

నా తరఫున చెప్పుకునేది ఒక్కటే. నీకు తెలిస్తే ఆ కాగితం వెనక్కి తీసుకునేదానివి. అందుకే చెప్పలేదు. నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నందుకు ఇప్పటికీ నాకు విచారం లేదు. ఈ పిల్ల నిలబడలేకపోతున్నందుకు ఉంది. రెండూ ఒకే చేత్తో చేశాను, విడదీసి చూపించలేను.

సోమవారం తను నీ ఓపీకి వస్తుంది. శిష్యులకు అప్పగించకుండా నువ్వే చూడు. మళ్లీ కోయాలో వద్దో తనకే చెప్పు, నాకు కాదు. సభలో ఆ ముప్పై మంది లెక్క చదివేటప్పుడు ఒక కడ్డీ విరిగిందని చదువు. నీ పుస్తకంలో తన పేరు పక్కన తిరిగి రాలేదని ఉంటే అది కొట్టెయ్యి. మా అమ్మ రానివ్వలేదని రాయి.

ఇట్లు,
వేలిముద్ర వేసిన
నీ తల్లి