బీడులో దోసపాదులు

తమ్ముడూ,

ఇక్కడ అందరం కులాసా, మీ బావ తప్ప. నేల తేరుకోవడానికి కింది చేను ఈ ఏడు బీడు పెడితే డబ్బిస్తామని మీ వ్యవసాయ ఆఫీసు వాళ్లు అన్నారు, ఇచ్చారు. చేను హాయిగా పడుకుంది. ఆయనకే నిద్ర పట్టడం లేదు. "ఊరికే కూర్చున్నందుకు డబ్బులేంటి, నేనేమన్నా ముసలాణ్నా" అని నా మీద చిందులు.

నిన్న ఆ చేలో మోటారు షెడ్డు వెనక్కి వెళ్లి చూద్దును కదా, నాలుగు దోసపాదులు. "పిట్టలు వేసుంటాయిలే" అన్నారు మీ బావ. ఆ పిట్టలే ఎరువు కూడా వేసి, చుట్టూ కంప కట్టాయి.

సోమవారం తనిఖీకి నువ్వే వస్తున్నావట. ఒక్క మొక్క కనబడినా డబ్బంతా వెనక్కి కట్టాలని తెలుసు. అందుకే పీకేద్దామని పొద్దున్నే వెళ్లాను. పూత మీదున్నాయి. నీళ్లు పోసి వచ్చేశాను.

నువ్వు ముందు ఇంటికి భోజనానికి రా. చేను చీకటి పడ్డాక చూద్దువు గాని.

అక్క