బోణి బేరం వాపసు పంపని దుకాణం

చిరంజీవి తమ్ముడు కిష్టయ్యకు,

పెద్దక్క దీవెనలు. దేవుని దయతోని నేను, నీ బిడ్డ శైలజ ఇక్కడ మంచిగున్నం. నీ మోకాలి నొప్పి ఎట్లున్నది? సుజాత బీపీ గోలీలు మరువకుంట వేసుకుంటున్నదా? ఫోన్ల మాట మొదలువెట్టంగనే నీకు కోపమొస్తది. అందుకే రాస్తున్న. కూసొని నిమ్మలంగ చదువు.

అశోక్‌నగర్‌ల ఇప్పుడు నాకు కొత్త పోయింది. పొద్దుగాల చిక్కడపల్లి గుడికి పోయొస్త. వానలకు మెట్లు పాచి పట్టినయి, పైలంగనే దిగుతున్న. ఇక్కడి జొన్నపిండిల రుచి లేదు, ఎవరన్న వస్తె మన పిండి జర పంపు. సాయంత్రం ఒక్కదాన్నే ఉంటె మీరంత యాదికొస్తరు. దీపం ముట్టిస్త, మనసు కుదురుకుంటది.

ఇగ శైలజ సంగతి. దసరా దాక చూస్త, ఆ తర్వాత గ్రూప్స్ పుస్తకాలన్న పట్టాలె, లేకుంటె ఇల్లన్న చేరాలె అన్నవు. నేను చూసింది చూసినట్టు చెప్త.

అడిక్‌మెట్‌ల ఒక రిటైరైన సారు చరిత్ర పాఠాలు రాస్తడు. శైలజ వాటిని ఇంటర్నెట్‌ల పెట్టింది. చిన్న పాఠం అర్ధ రూపాయి, పెద్దది రూపాయి. ఏడాదికింత అని కట్టేది లేదు, నడుమ అడ్వర్టైజ్‌మెంట్లు లేవు. హాస్టల్ పిల్లలు ముందుగాల ఇరవయ్యో ముప్పయ్యో జమ వేసుకుంటరు. చదివినప్పుడల్లా అందులకెళ్లి సారుకు చేరుతది.

"ఇప్పుడు నెట్‌ల అంత ముఫత్ అనుకుంటున్నం అత్తమ్మా, రాసినోనికి ఏం దక్కుతలేదు. రేపు మనుషులకంటె కంప్యూటర్ మిషన్లే ఎక్కువ చదువుతయి. అవి గూడ పేజీకి పైసో రెండు పైసలో కట్టే రోజొస్తది," అంటది.

"మిషన్ బేరమాడకుంటనే కడ్తదా?" అన్న.

"ఆడుతది. సుల్తాన్ బజార్ల నువ్వాడినట్టే," అని నవ్వింది.

ఒకనాడు పొద్దుగాల కింది రూంల ఉండే పిల్ల ఉరికొచ్చింది. "అక్కా, నాకు అర్ధ రూపాయే మిగిలింది, పెద్ద పాఠం తెరుస్తలేదు. ఇయ్యాల నాకు టెస్ట్."

"మళ్ల జమ చేసుకో, రూల్ అందరికొక్కటే," అన్నది శైలజ.

నేను పొయ్యికాడి నుంచి ఒక్కటే అడిగిన: "మీ నాయిన కిరాణంల బోణి బేరం ఎన్నడన్న వాపసు పంపిండా?"

శైలజ ఆ పిల్లకు అర్ధ రూపాయికే పాఠం తెరిచింది. తెల్లారి చూస్తె, దినాం అందరికంటె ముందొచ్చినోనికి పాఠం ఎంతిస్తె అంతకే తెరుచుకునేటట్టు చేసింది. దానికి 'బోణి' అనే పేరు పెట్టింది. ఇగ చూడు తమ్మీ, ఎన్నడు లేవనోళ్లు గూడ తెల్లారకముందే లేస్తున్నరు! "నిన్న నువ్వు చేసినవ్ గదరా, ఇయ్యాల నాది" అని మెట్ల మీద లొల్లి. నారాయణగూడ హాస్టళ్ల దాక పాకింది. "నేను బడిల ఉన్నన్నాళ్లు ఇంత పొద్దున పుస్తకం పట్టినోడు లేడమ్మా" అని సారు సంబురపడ్డడు.

మొన్న శుక్రవారం పూజ చేసి లేస్తుంటె శైలజ పిలిచింది. ఆనాడు బోణి చేసినోళ్ల పేరు 'మల్లవ్వ కిరాణం'. పదకొండు రూపాయలు.

"లోకంల మల్లవ్వలు ఎంతమంది లేరు అత్తమ్మా," అన్నది.

"రూపాయి పాఠానికి పదకొండిచ్చే మల్లవ్వ కిరాణం మా అమ్మ పేరు మీదిదే," అన్న.

శైలజ ఫోన్‌ను కండ్లకద్దుకున్నది. పొద్దున మొదటి పైసలు గల్లల వేసేముందు నువ్వు అద్దుకుంటవు చూడు, అచ్చం అట్లనే. నాకు ఎంత గర్వమనిపించిందో రాయొస్తలేదు. నౌకరీ కాదని నీకు రంది. కాని నీ దుకాణం నీతి ఒక్కటి గూడ ఇడువలే నీ బిడ్డ.

చిన్నాయనకు నా దండం చెప్పు, శైలజను దీవించమను. సుజాతను అడిగిన్నని చెప్పు. దసరాకు ఇద్దరం వస్తం. దాన్ని మళ్ల పట్నం తోల్కపోవుడు నా పని. ఒక్కటే అడుగుత తమ్మీ: బోణి చేసినోడే ఆ దుకాణం బంద్ చెయ్యమంటడా?

మీ అందరి మేలు దేవుణ్ణి అడిగే
అక్క సత్తెమ్మ