మీ నాన్న చెయ్యెత్తే కారు

బౌలింగ్ గ్రీన్, కెంటకీ
శనివారం

చిట్టితల్లి మార్లాకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాన్నా నేనూ బాగానే ఉన్నాం. మోకాళ్లు తప్ప తక్కినవన్నీ చెప్పిన మాట వింటున్నాయి. అంత దూరాన స్పోకేన్‌లో నువ్వూ, అల్లుడూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో అడగకుండా కాగితం మీద అడిగి మంచిపని చేశావు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, మన ఇంట్లో ఆ చెవులు మీ నాన్నవే. చూపు తగ్గాక అవి మరీ పదునెక్కాయి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. ఇంటి కప్పు ఇంకా కారుతోంది, కింద బకెట్ పెట్టాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఇక కారు.

"అమ్మా, నీకు మతి పోయిందా? ఈ వయసులో ఆ రెండు సీట్ల రేసుబండి కార్వెట్ ఎందుకు?" అని రాశావు. పక్కింటి ఈడిత్ కూడా కంచె మీద నుంచి అదే అంది. "ఏమే వెర్లీన్, ఈ వయసులో ఈ షోకేంటే? కిరాణా సామాను నెత్తిన పెట్టుకొస్తావా?" అంది. ముందు మూత ఎత్తి చూపించాను. ఈ కొత్త కార్వెట్లలో ఇంజను సీట్ల వెనక్కి పోయింది కదా, ముందు గుంటలో రెండు సంచుల సరుకులు, వాటి మీద ఒక కేకు డబ్బా పట్టాయి. ఈడిత్ కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత తననీ ఒక చుట్టు తిప్పమంది.

పెట్టిన డబ్బుకు తగిన విలువ ఉందా అన్నావు. ఈ ఇల్లు కొన్నప్పుడు పెట్టినదానికన్నా ఎక్కువే పెట్టాను, దాచను. మీ నాయనమ్మ పొగాకు చేను అమ్మగా వచ్చింది అందులోనే పోయింది. మీ నాన్న లెక్క వేరు. "మూడింతలు పోసి కొన్న ఇటలీ బండ్లు కూడా దీని వెనక దుమ్ము తింటాయే. వాళ్లు పేరుకి పోస్తారు, మనం పనితనానికి పోశాం" అంటాడు. ముప్పై ఏళ్లు మన ఊరి కార్వెట్ ఫ్యాక్టరీలో ఆయనదీ ఒక చెయ్యి. కాస్త గొప్పలు పోనీ.

అసలు సంగతి నీకు తెలియదు. చూపు మధ్యలో చీకటి మచ్చ పడి, లైసెన్సు వెనక్కిచ్చేశాక మీ నాన్న ఇంట్లోంచి కదలడం మానేశాడు. చర్చికి రమ్మంటే "గొంతులు విని పేర్లు వెతుక్కోవడం నామోషీ" అనేవాడు. కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని టీవీ వినేవాడు. ఆ కుర్చీలోనే నా మనిషి కరిగిపోతున్నాడని భయం వేసింది. అందుకే కొన్నాను.

కారు వచ్చిన రోజు నా భుజం పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఫ్యాక్టరీలో చేసినట్టే ముక్కు నుంచి తోక దాకా వేళ్లతో తడిమాడు. తలుపు అతుకు దగ్గర ఆగి, సందు సమంగా ఉందో లేదో గోటితో చూసి, "కుర్రాళ్లు బాగా చేశారే" అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

కార్వెట్ వాళ్లు దారిలో ఎదురైతే ఒకరికొకరు చెయ్యి ఊపుకుంటారని నీకు తెలుసుగా. మీ నాన్న అన్ని బండ్లు బిగించి, తన పాత ట్రక్కులో ఇంటికొచ్చేవాడు. ట్రక్కుకి ఎవరు ఊపుతారు? ఇప్పుడు స్మిత్స్ గ్రోవ్ దారిలో నేను నడుపుతుంటే ఆయన పక్కన కూర్చుంటాడు. ఎదురుగా కార్వెట్ రాగానే నేను "ఊపుతున్నారు డెల్మర్!" అంటాను. ఆయన చెయ్యెత్తుతాడు. అలాంటి రోజు ఇంటికొచ్చి రెండు ముక్కలు మొక్కజొన్న రొట్టె ఎక్కువ తింటాడు.

ఇక ఫోనులో చెప్పలేని మాట. చలి మొదలైంది. అలాంటి కార్లు దారిలో తగ్గిపోయాయి. ఎవరూ ఊపని రోజు ఆయన మొహం మళ్లీ కుర్చీలో మొహంలా అయిపోతుంది. అందుకని అబద్ధం మొదలుపెట్టాను. ఎదురుగా ఏది వచ్చినా "ఊపుతున్నారు!" అంటున్నాను. ఆయన నమ్మి చెయ్యెత్తుతుంటే గుండె కలుక్కుమంటోంది. నిజం తెలిస్తే, జాలిపడి ఆడిస్తున్నానని కుర్చీలోంచి మళ్లీ లేవడు. నీ స్నేహితురాలి భర్త మంచి ధరకు కొంటానన్నాడని రాశావు కదా. అబద్ధం బయటపడకముందే అమ్మేయడం మేలేమో. ఏం చెయ్యమంటావు?

ఆదివారం

నిన్న రాసింది చింపేద్దామనుకుని, ఉంచేశాను. ఇవాళ చర్చి నుంచి వస్తున్నాం. అవును, చర్చికి వచ్చాడు. మూడు వారాలుగా వస్తున్నాడు. దారంతా ఖాళీ. ఎదురుగా గడ్డిమోపులతో ఒక ట్రక్కు వచ్చింది. అలవాటు కొద్దీ "ఊపుతున్నారు డెల్మర్!" అన్నాను. చెయ్యెత్తాడు. దించి, నవ్వాడు.

"అది డీజిల్ ట్రక్కే, పిచ్చిదానా."

బండి పక్కకు తీసి ఆపాను. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ. కళ్లు పోయాయి గానీ చెవులు పోయాయా? కార్వెట్ చప్పుడు నిద్రలో కూడా పోలుస్తాను."

"మరి నోరు మూసుకుని ఎందుకు చెయ్యెత్తావయ్యా ఇన్నాళ్లూ?"

తడుముకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు ఊపుతున్నది నువ్వే కదా అని ఎత్తానే" అన్నాడు.

మార్లా, ఆ పక్కనే కూర్చుని ఇద్దరం చాలాసేపు ఏడ్చాం, నవ్వాం. వెనక బండిలో వచ్చిన మనిషెవరో ఆగి, బండి చెడిపోయిందా అని అడిగాడు. మీ నాన్న కోపంగా "ఇది చెడిపోయే బండి కాదు" అన్నాడు.

దేవుడు నాకు ఇచ్చినదానికి సగం కూడా కృతజ్ఞత చెప్పుకోలేదు ఇన్నేళ్లూ. ఇప్పుడు చెప్పుకుంటున్నాను. నీ స్నేహితురాలి భర్తకు నా మాటగా చెప్పు, అమ్మడం లేదని. వసంతానికి పిల్లల్ని తీసుకుని రా. నేను కప్పు బాగుచేయిస్తాను. మనవళ్లను ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతాను, రెండే సీట్లు కదా. చివరి చుట్టు మీ నాన్నది. అప్పుడు నువ్వు వాకిట్లో నిలబడి చెయ్యి ఊపు. ఆయనకు వినిపిస్తుంది.

ఇట్లు,
నిన్ను తలుచుకోని పూట లేని
మీ అమ్మ,
వెర్లీన్