ఏ పుస్తకంలోంచి ఎత్తావు?

అమ్మా,
ఒంట్లో బాగానే ఉంది, ఒళ్ళే మండిపోతోంది. ఇంగ్లీషు సాహిత్యం పరీక్షలో ఒక కథ మీద ప్రశ్న ఇచ్చారు. అందులో మొగుడు పోయినావిడ ఏడవకుండా ఆయన చొక్కా ఉతుకుతూ ఉంటుంది. ఎందుకు? ఆవిడది రాతిగుండె అని మాస్టారు ముందే జవాబు రాయించారు. క్లాసంతా అదే పొల్లుపోకుండా దించింది. నేను మాత్రం, దండెం మీద ఆ చొక్కా తడిగా ఉన్నంతసేపూ ఆవిడకి ఆయన ఇంట్లో ఉన్నట్టే అని రాశాను. మాస్టారు నా పేపరు అందరి ముందూ ఊపి, "ఇంత తెలివి నీకెక్కడిదమ్మా? ఏ పుస్తకంలోంచి ఎత్తావు?" అని సున్నా చుట్టారు. బట్టీ కొట్టినవాళ్ళకి పూర్తి మార్కులు, సొంతంగా రాసిన నేను దొంగని! మా అమ్మని చూసి రాశానని నోటిదాకా వచ్చింది. ఆ మనిషి ముందు నీ మాట ఎత్తడం ఇష్టంలేక మింగేశాను.

మందపాటి దుప్పటి పంపు, చలి చంపేస్తోంది. వంటింటి కుళాయి బాగుచేయించావా? నా పుస్తకాలు ముట్టుకోవద్దని చెల్లికి చెప్పు. బాబాయిని మాత్రం ఇక్కడికి పంపకు, నా గొడవ నేనే పడతాను.

ఈ ఆదివారం కూడా నాన్న చొక్కా ఉతికే ఉంటావు. పక్కింటివాళ్ళు ఏమన్నా సరే, మానకు.

నీ పెద్దది