అక్క పాటకు మిగిలిన బొమ్మ

గురువారం, నాందేడ్

కోపం ఇంకా దిగలేదు. పెళ్లిపనుల్లో పసుపు దంచుతూ మా అక్క పాడిన పాటను నా మనవరాలు స్వాతి తన హెల్మెట్ కెమెరాతో తీసింది. ఆ తర్వాతే అక్కకు గొంతు ఆపరేషన్ అయింది. ఇప్పుడు మాటే గుసగుసగా వస్తుంది. ఆ పాట మా టీవీలో చూడాలని అక్క ఆదివారం తన ఊరు కర్ఖేలి నుంచి వస్తోంది.

ఈరోజు పెట్టి చూద్దామంటే పాట లేదు. కెమెరాలోని కార్డు నిండిందని నా కొడుకు శ్రీనివాస్ ఖాళీ చేశాడట.

"ఒక్క పేరు మీద మూడు మూడు ఫైళ్లున్నయమ్మా. మన చీరల దుకాణంల బిల్లుకు మూడు కాపీలు తీసి ఒకటి పెట్టుకుంటం గద. గట్లనే అన్నిట్ల చిన్నది పెట్టి మిగిలినయి తీసేసిన, జాగ తక్కువ పడ్తదని."

వీడిని బీకాం దాకా చదివించాను.

స్వాతి తల పట్టుకుంది. ఎంపీ4 అసలు వీడియో అట. ఎల్ఆర్‌వీ అంటే ఫోనులో తొందరగా చూసుకోవడానికి చిన్న నకలు. అది మిగిలినా పాట వినిపించేది. వీడు దాచింది టీహెచ్ఎం, అంటే వీడియో మొదట్లోని ఒక్క బొమ్మ.

"చీర పారేసి, దాని మీది చీటీ బీరువాల పెట్టినవ్ రా. పెద్దమ్మకు ఏం జెప్తవ్?" అన్నాను.

"మళ్లొకసారి పాడమందం," అని, నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

పైగా ఆ కార్డు మీదే దుకాణంలోని కొత్త చీరలన్నీ వీడియో తీశాడు. చెరిపిన పాట ఉన్న జాగాలో అవి ఎక్కేసి ఉంటాయి, ఇక పాట దొరకడం కష్టమేనంది స్వాతి.

బొమ్మ తపాలా బిళ్లంత ఉంది. రోకలి పైకి లేచి ఉంది. అక్క నోరు తెరిచింది, పాట ఇంకా మొదలుపెట్టలేదు.